బరఫ్ దీదీకి తెలిసిన వేడి

కబురు నాకు ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు అందింది. నేను పనిచేసే ప్రయోగశాలలో అప్పటికి నీటి తొట్టె నలభై డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది. ఆరు థర్మామీటర్లు అందులో వేలాడుతున్నాయి. మూడోది సున్నా పాయింట్ నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. ఫోనులో మా అమ్మ రెండే మాటలు చెప్పింది: "వదిన పోయింది." ఆమె ఇల్లు చౌల్దారీలో. గోల్ ఘర్‌లోని మా గుమ్మం నుంచి ఆమె వాకిలి నా స్కూటరు మీటరు ప్రకారం పదిహేడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. మలుపుల వల్ల ముప్పై ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఆ రోజు ముప్పై ఒక్క నిమిషాల్లో చేరాను. తొందరపడవలసిన అవసరం అప్పటికి లేదు.

పొద్దున్న కోళ్ళకు నూకలు వేసి, అరుగు మీద కూర్చుని, మళ్ళీ లేవలేదట.

మాకు ఆమెతో రక్తసంబంధం లేదు. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చిన కుటుంబాలు రెండూ. చర్చిలో ఆదివారం తెలుగు ఆరాధనలో ఆమె, మా అమ్మ ఒకే బల్ల మీద కూర్చునేవారు. ఆ చుట్టరికంతోనే మా అమ్మ ఆమెను వదినా అనేది, నేను అత్తా అనేవాణ్ణి. అబర్డీన్ బజార్ మొత్తానికి మాత్రం ఆమె బరఫ్ దీదీ, అంటే ఐసు అక్క. చేపల పడవలకు ఐసు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఆమె ఇరవై ఆరేళ్ళు కంప్రెసరు నడిపింది. అది మూతబడ్డాక ఫ్రిజ్జులు బాగుచేయడం మొదలుపెట్టింది. ఫ్రిజ్జులున్న ఇళ్ళలోకి కంప్యూటర్లు వచ్చాయి, అవీ వేడెక్కి ఆగిపోసాగాయి. అలా వాటి దగ్గరకూ చేరింది.

మంగళవారం, శుక్రవారం తొలి బస్సుకు గోంగూర, పచ్చిమిరపకాయల గంపతో దిగేది. తొమ్మిదిన్నరకల్లా గంప ఖాళీ. ఆ తర్వాత మోటార్లకు తీగ చుట్టే ఒక దుకాణం వెనుక, గోడ పక్క బల్ల మీద గోనెసంచి పరిచి కూర్చునేది. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా. కళ్ళజోడుకు తాడుగా చేపల గేలపు దారం. ఎడమ ముంజేతి మీద ఫ్యాక్టరీ గ్యాసుకు కాలిన మచ్చ. ఎవరు మిషను తెచ్చినా ఒకటే ప్రశ్న.

"వేడేనా?"

కాదు, వైరస్ అంటే ఎదుటి వరుసలో కుర్రాళ్ళ దుకాణం చూపించేది. "వైరస్ నాకు తెలీదు బాబూ. వేడి తెలుసు." ఈ మాటలో వినయం గానీ గర్వం గానీ ఉండేది కాదు. నేను నా ఉద్యోగంలో ఒక థర్మామీటరు ఏ డిగ్రీ నుంచి ఏ డిగ్రీ వరకు నమ్మదగినదో ధ్రువపత్రం మీద రాస్తాను. తన గురించి ఆమె రాసుకున్న ధ్రువపత్రం అది.

వేడిని ఆమె కుడిచేతి మధ్యవేళ్ళ వెనుక వైపుతో చూసేది. వేళ్ళు ఆనించి, పెదవులు కదలకుండా లెక్కపెట్టి, తట్టుకోలేనప్పుడు తీసేది. "నాలుగు లెక్క," అనేది, లేదా "రెండు లెక్క, బంద్ చెయ్." నాకు నమ్మకం కలగలేదు. ఒక శుక్రవారం జేబులో డిజిటల్ థర్మామీటరు పెట్టుకు వెళ్ళి, ఆమె చేత పద్నాలుగు చోట్ల వేళ్ళు పెట్టించి, ప్రతి లెక్క పక్కనా డిగ్రీలు రాసుకున్నాను. ఆరు లెక్కంటే యాభై అయిదు, నాలుగంటే అరవై, రెండంటే అరవై అయిదు. పద్నాలుగింటిలో పన్నెండు చోట్ల తేడా ఒక డిగ్రీకి మించలేదు. మిగిలిన రెండు చోట్ల మూడు డిగ్రీలు వచ్చింది. ఆ సంగతి చెప్పాను.

"ఆ రెండూ ఎప్పుడు సూశాను?"

"టీ తాగిన వెంటనే."

"మరి గ్లాసు పట్టుకున్న సెయ్యి కదా," అంది. నా పరికరం ఎండలో ఉండి వచ్చిందా, నీడలో ఉండి వచ్చిందా అని నేను ప్రతిసారీ రాసుకుంటాను. తన చేతి విషయంలో ఆమె కూడా అంతే.

ఇంకొక అలవాటు ఉండేది. కొత్త చెప్పులు, సంచులు, మందుసీసాల్లో తేమ పీల్చడానికి చిన్న పొట్లాలు వేస్తారు. బజారులో ఎవరు ఏ డబ్బా విప్పినా ఆ పొట్లం ఆమెకు చేరాలి. చెప్పుల దుకాణం భయ్యా దూరం నుంచే విసిరేవాడు: "దీదీ, ఆజ్ కా ప్రసాద్." ఆమె ఒంటిచేత్తో పట్టి చొక్కా జేబులో వేసుకునేది. "ప్రసాదం మీకు, మాకు కాదు. ఇది మందు," అనేది. ఇంటికి వెళ్ళాక పెనం మీద సన్నని సెగన వేయించి, లోపలి తేమ పోగొట్టి, మూత బిగుతైన గాజుసీసాల్లో దాచేది. ఎందుకని అడిగాను. "గాలిలో నీళ్ళున్న ఊళ్ళో పొడిగాలి దాసుకోవాల్రా," అంది. అప్పుడది నాకు ముసలితనపు చాదస్తంలా తోచింది.

నేను మా ఇంటి కంప్యూటరును తువ్వాలులో చుట్టి, స్కూటరు ముందు పెట్టుకుని తెచ్చింది ఒక మంగళవారం.

"ఏటి బాబూ, పొత్తిళ్ళలో ఎట్టి తెచ్చావు? జొరమా?"

"మెల్లగా నడుస్తోంది అత్తా. వేడెక్కి తనంతట తానే ఆగిపోతోంది." నేను గీసిన పటం ఆమె ముందు పరిచాను. అడ్డంగా నిమిషాలు, నిలువుగా డిగ్రీలు, ప్రతి అరనిమిషానికీ ఒక చుక్క. కళ్ళజోడు సర్దుకుని, గీత వెంట వేలు నడిపిస్తూ చివరిదాకా చదివింది. అంతకుముందు చూపించబోతే ఎదుటి దుకాణం కుర్రాళ్ళెవరూ దాన్ని చూడను కూడా లేదు.

"ఇరవై ఏడు నిమిషాలు నడిచి ఆగింది. బాగా రాశావు. ఎక్కడెట్టి నడిపావు?"

"బల్ల మీద."

"ఇంట్లో బల్ల మీదే ఉంటాదా?"

తీగ చుడుతున్న దుకాణదారు చెయ్యి ఆపి నావైపు చూశాడు.

"బీరువాలో ఉంటుంది," అన్నాను. "బట్టల బీరువా. కింది అర."

"అరే సర్, కంప్యూటర్‌కో సాడీ భీ పెహనాతే హో క్యా?" అని నవ్వాడతను, దానికి చీర కూడా కడతారా అన్నట్టు.

"నవ్వకు భయ్యా. ఇంజినీర్ సాబ్ ఊరికే ఎట్టడు, ఏదో లెక్క ఉంటాది." నావైపు తిరిగి, "దీన్ని వాపసు పట్టుకెళ్ళు. ఎక్కడ తీశావో అక్కడే ఎట్టు. నానొచ్చి ఆ చోటు సూత్తాను," అంది.

లెక్క ఉన్నమాట నిజమే. ఈ దీవుల్లో ఏడాదిలో ఎనిమిది నెలలు తోలు బెల్టులు పచ్చబడతాయి, సర్టిఫికెట్లకు బూజు పడుతుంది. అందుకని ప్రతి ఇంట్లోనూ బీరువా అడుగున ఒక చిన్న బల్బు పగలూ రాత్రీ వెలుగుతూ ఉంటుంది. మా ఇంటిది నేను స్వయంగా అమర్చాను. నలభై వాట్లు. బయట గాలిలో తేమ ఎనభై ఎనిమిది శాతం ఉన్న రోజున లోపల యాభై ఎనిమిది. ఆ అంకె చూసి నాకు ఎంతో తృప్తిగా ఉండేది. ఇంట్లో అతి విలువైనది ఇంట్లోకెల్లా పొడిగా ఉన్న చోట ఉండాలని నిశ్చయించి, కంప్యూటరును అందులో పెట్టి, తీగలకు వెనుక చెక్కలో కన్నం చేసి, తలుపు మూశాను. మా అమ్మ దాని మీద తాను అల్లిన నూలు గుడ్డ కప్పింది.

విలువైనది యంత్రం కాదు. అందులో మా అమ్మ ఆరేళ్ళుగా ఎక్కించిన పాటలు ఉన్నాయి, రెండు వందల పద్నాలుగు. అచ్చు పుస్తకాల్లోవి కావు. ఇక్కడికి వచ్చిన మొదటి తరం వాళ్ళు కట్టుకున్న భక్తిపాటలు: ఓడ మీద, కలప క్యాంపుల్లో, వరిమళ్ళలో కట్టినవి. పాడేవాళ్ళ దగ్గర కూర్చుని మా అమ్మ నోటుపుస్తకాల్లో రాసుకుంది. ఆ పుస్తకాలను బూజు తినేసింది. మిగిలినంత మేర కంప్యూటరులోకి ఎక్కించింది. ఒక పక్క తెలుగులో, రెండో పక్క అదే తెలుగు పాటను హిందీ అక్షరాల్లో. మా సంఘం పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. హిందీ లిపిలో ఉంటే పాడతారు. ఆ ఫైళ్ళు పోతే ఆ పాటలు పోయినట్టే. నకలు ఎందుకు తీసుకోలేదని అడిగేవారికి నా జవాబు ఇది: పెన్ డ్రైవులో ఒక నకలు తీశాను, దాన్ని కూడా అదే బీరువాలో, బల్బుకు నాలుగు అంగుళాల దూరంలో పెట్టాను. అది ముందే చచ్చింది.

ఆమె మర్నాడు రెండు గంటల నలభై నిమిషాలకు వచ్చింది. చెప్పులు విప్పి తిన్నగా బీరువా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కంప్యూటరు ఆన్ చేయించి, తలుపు మూయించి, పది నిమిషాలు మా అమ్మతో మిరప నారు గురించి మాట్లాడింది. తర్వాత దోమల చుట్ట ఒకటి అడిగి వెలిగించి, తలుపు జానెడు తెరిచి, పొగను యంత్రం చుట్టూ మెల్లగా తిప్పింది. యంత్రం వెనుక నుంచి ఊదిన పొగ చెక్కకు తగిలి, పైకి లేచి, వంగి, ముందు వైపు నుంచి మళ్ళీ లోపలికే పోయింది. నేను పుస్తకాల్లో బాణం గుర్తులతో చూసిన గాలి దారిని ఆమె ఒక దోమల చుట్టతో నా కళ్ళ ముందు గీసింది.

"సూశావా? ఒదిలిన ఊపిరే మళ్ళీ పీలుత్తున్నాడు," అంది. బల్బు వైపు చెయ్యి చూపించి, "పైగా పక్కన కుంపటి. తలుపేసి నిన్ను ఇక్కడ కూకోమంటే కూకుంటావేటి?"

నా థర్మామీటరు ఆ అరలో యాభై రెండు డిగ్రీలు చూపింది. నేను వేడిని బల్ల మీద కొలిచాను, తేమను మాత్రం బీరువాలో కొలిచాను. రెండు కొలతలూ సరైనవే. ఒకదాన్నొకటి ఎప్పుడూ కలుసుకోలేదు.

అప్పుడు మిగతాదీ చెప్పవలసి వచ్చింది. కంప్యూటరు మెల్లగా నడుస్తోందని అంతకుముందు ఆదివారం ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు డిస్కు మొత్తాన్ని పరీక్షించే ప్రోగ్రాము ఒకటి నడిపి, బీరువా మూసి, ఆరాధనకు వెళ్ళాం. పన్నెండుంబావుకు తిరిగొచ్చాం. ఆ మూడు గంటల ముప్పై అయిదు నిమిషాలు డిస్కు ఒక్క క్షణం ఆగకుండా తిరిగింది. ఆ తర్వాతే మిషను తనంతట తాను ఆగిపోసాగింది, కొన్ని పాటలు తెరుచుకోవడం మానేశాయి.

మా అమ్మకు ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. నా ముఖం వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"ఆ రోజు బల్బు ఎలుగుతోందా?" అని అత్త అడిగింది.

"వెలుగుతోంది."

ఆమె చెయ్యి చాచి స్విచ్చు ఆపింది. దాని గురించి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

యంత్రాన్ని విప్పినప్పుడు లోపలి రేకుల మధ్య దుమ్ము దుమ్ములా లేదు. ఉప్పుగాలికి తడిసి, ఆరి, మళ్ళీ తడిసి కంబళిలా గట్టిపడింది. గాలి ఊదితే కదలదు. ఆమె రంగులు వేసే కుంచెను స్పిరిట్‌లో ముంచి, అంచులు తడిపి, పావుగంట ఆగి, ఒక్క ముక్కగా ఊడదీసింది. దువ్వెనలా పళ్ళతో సహా వచ్చింది. దాన్ని మా అమ్మ అరచేతిలో పెట్టింది.

"నీ నూలేనే వదినా. నువ్వు పైన అల్లితే, ఇది లోపల అల్లుకుంది."

మా అమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది. అత్త చిప్పు వేడిని రేకులకు లాగే పేస్టు ఎండిపోయి ఉంటే గీకి, కొత్తది, పెసరగింజంత, పెట్టింది. అరిగిన ఫ్యాను మార్చింది. బల్ల మీద, గోడకు జానెడు దూరంలో అది అయిదు గంటలు ఆగకుండా నడిచింది. నాలుగు లెక్కకు తగ్గలేదు, అంటే అరవై డిగ్రీలు దాటలేదు. జబ్బు కుదిరింది. పాటలు దాచిన రెండో డిస్కు మాత్రం కుదరలేదు. చల్లగా ఉన్నంతసేపు చదివేది, తొమ్మిదో నిమిషానికి టిక్కు టిక్కుమని కొట్టుకుని నిలిచిపోయేది. నాకంటే బాగా తెలిసిన ఇద్దరిని అడిగాను. ఇక్కడ కుదరదని, మెయిన్‌లాండ్ పంపినా వస్తుందన్న హామీ లేదని చెప్పారు.

"డిస్కు నా పని కాదు," అంది శుక్రవారం మళ్ళీ మా ఇంటికి వచ్చిన అత్త. "చల్లగా ఉంచడం నా పని. ఉంచుతాను, నువ్వు తీసుకో."

"అయితే ఐసు మీద పెడదాం."

ఆమె లేచి వెళ్ళి ఫ్రిజ్జులోని స్టీలు గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. నేను చూస్తుండగానే దాని ఒంటిమీద నీటిచుక్కలు కట్టి, కలిసి, కిందికి జారాయి. "నీ డిస్కు కూడా ఇలాగే చెమట పడతాది. ఇక్కడి గాలి కంటే మూడు డిగ్రీలు దిగితే చాలు."

నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆ గదిలో గాలి ముప్పై డిగ్రీలు, తేమ ఎనభై నాలుగు శాతం. ఆ గాలిలోని ఆవిరి నీటిచుక్కలుగా మారే ఉష్ణోగ్రత ఇరవై ఏడు. సరిగ్గా మూడు. దానికొక పేరుందని ఆమెకు తెలియదు, సూత్రం ఉందని తెలియదు. ఆ కాగితాన్ని నేను ఇప్పటికీ ఉంచుకున్నాను.

శనివారం ఆమె రెండు గాజుసీసాలు, ఒక బిస్కెట్ల ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. మా పెనం మీద నలభై పొట్లాలు మళ్ళీ వేయించింది. డబ్బాకు కన్నం చేసి, తీగలు బయటికి లాగి, కన్నాన్ని కొవ్వొత్తి మైనంతో మూసింది. డిస్కు మధ్యలో, చుట్టూ పొట్లాలు. మూత పెట్టబోతూ ఆగి, వంటగదిలోంచి చిటికెడు ఉప్పు తెప్పించి, నల్లకాగితం ముక్క మీద పోసి, డిస్కు పక్కన కనబడేటట్టు పెట్టింది.

"ఉప్పు పొడిగా ఉన్నంతసేపు లాగు. తడిసిందా, ఆపు. నాకోసం సూడకు."

ఉప్పు కరగడం మొదలుపెట్టేది గాలిలో తేమ డెబ్బై అయిదు శాతం దాటినప్పుడు. ఇది ఏ ఊళ్ళోనైనా మారని అంకె. మా ప్రయోగశాలలో తేమమాపకాలను సరిచూడడానికి వాడే పద్ధతుల్లో ఒకటి అదే. దాన్ని ఆమె మా పోపుల డబ్బాలోంచి తీసింది. నేను చదువుకున్న చదువు ఆ క్షణాన నాకు చిన్నదిగా కనిపించలేదు. ఇంకెవరికో చాలాకాలంగా తెలిసిన భాషకు నిఘంటువులా కనిపించింది.

రెండు గంటలు డబ్బాను అలాగే ఉంచి, తర్వాత పన్నెండు కిలోల ఐసు మీద పెట్టింది. డబ్బా బయట ధారలుగా చెమటలు పట్టింది. లోపల ఉప్పు రవ్వలు విడివిడిగా మెరుస్తున్నాయి. లోపలి ఉష్ణోగ్రత పందొమ్మిదికి దిగింది. నేను మొదటి పాట నుంచి వరసగా నకలు తీయడానికి మీట మీద వేలు పెట్టాను.

"ఆగు," అంది. "ఏ వరస?"

"ఒకటి నుంచి రెండు వందల పద్నాలుగు."

"అది నీ మిషను వరస. ఫ్యాక్టరీలో కరెంటు పోతే ఐసు అందరికీ చాలదు. ముందు వచ్చినోడు ముందు అంటాడు, పెద్ద పడవోడు నాకే అంటాడు. నేను ఇద్దరి మాటా ఇనేదాన్ని కాదు. ఎవరి పెట్టెలో సేపకి ఇప్పుడు ఐసు ఇవ్వకపోతే మళ్ళీ ఉండదో, ఆడిది ముందు." మా అమ్మ వైపు తిరిగింది. "వదినా, పాడినోళ్ళు పోయినవి ఎన్ని?"

మా అమ్మ జాబితా తెచ్చుకుని పెన్సిలు పట్టింది. యాభై నిమిషాలు పట్టింది. ఒక్కో పేరు దగ్గరా ఆగి, ఆ మనిషి ఉన్నాడా లేడా, పాట ఇంకెవరికైనా వచ్చునా రాదా అని తనలో తాను ప్రశ్నించుకుంటూ గుర్తు పెట్టింది. పాడినవాళ్ళు చనిపోయి, మరెవరికీ రానివి అరవై ఒకటి. అవి ముందు. ఒకరిద్దరికి కొంత కొంత వచ్చినవి తర్వాత. పాడేవాళ్ళు బతికి ఉన్నవి చివర. అత్త ఇచ్చిన పాట కూడా జాబితాలో ఉంది. వాళ్ళ అమ్మ ఓడలో వాంతులు చేసుకునే పిల్లలను ఊరుకోబెట్టడానికి కట్టినదట. ఆ పాట అత్తకు తప్ప ఎవరికీ రాదు. మా అమ్మ దాన్ని రెండో గుంపులో రాసింది.

అత్త పెన్సిలు అందుకుని, ఆ గీత కొట్టేసి, అట్టడుగున రాసింది.

"నేను బతికే ఉన్నాను కదా వదినా. నాది ఆఖర్న."

మొదటి విడత ముప్పై ఎనిమిది నిమిషాలు. అరవై ఒక్కటీ వచ్చాయి. ఒక్కో ఫైలు దగ్గర డిస్కు తడబడి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ ప్రయత్నించి చదువుతోంది. ఒక్కోటి తెరమీద పడగానే మా అమ్మ ఆ పాడినవాళ్ళ పేరు పైకి చదివింది. అత్త ఐసు ముక్కలు సర్దుతూ "హా" అని మాత్రం అనేది. ఉప్పు తడవబోతున్నట్టు అనిపించగానే ఆపాను. సోమవారం రెండో విడత: నలభై ఒక్క నిమిషాలు, ఎనభై నాలుగు పాటలు. బుధవారం మూడో విడతలో యాభై రెండు వచ్చాక, ఇరవై రెండో నిమిషాన, డిస్కు ఒక్కసారి గీరినట్టు చప్పుడు చేసి ఆగింది. ఉప్పు అప్పటికీ పొడిగానే ఉంది. మళ్ళీ తిరగలేదు.

మా అమ్మ జాబితాలో మిగిలినవి పెన్సిలుతో లెక్కపెట్టింది.

"పదిహేడేనా?" అంది మా అమ్మ.

"పదిహేడే. అందరూ బతికున్నోళ్ళే. ఎళ్ళి అడగండి," అంది అత్త, తడిసిన చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ. "మంచం మీదున్నోళ్ళ దగ్గరికి ముందు."

ఆ వరసనే వెళ్ళాం. పదిహేడు పాటలు, పది మంది మనుషులు. ముగ్గురు వేరే దీవుల్లో: ఇద్దరు రంగత్‌లో, ఒకాయన హట్ బేలో. ఓడ టిక్కెట్టు దొరకాలి, వాళ్ళకు ఓపిక ఉండాలి, గుర్తు రావాలి. అయిదో నెలలో ఒక ఆదివారం నేను ఫోను చేతిలో పట్టుకుని చౌల్దారీ వెళ్ళాను. ఆమె వాకిట్లో పోకకాయలు ఆరబోస్తోంది.

"హట్ బే తాత దగ్గరికెళ్ళావా?"

"వచ్చే వారం ఓడకు వెళ్తాను అత్తా. ఎలాగూ ఇక్కడికి వచ్చాను. ఈలోగా నీ పాట పాడు, అయిదు నిమిషాల పని."

"ఆయనకి ఎనభై నాలుగు. నాకు అరవై ఏడు. నీకు లెక్కలొచ్చు కదరా." ఒక పోకకాయను వేళ్ళ వెనుక వైపుతో తాకి, ఇంకా ఆరలేదని పక్కకు నెట్టింది. "ముందు అక్కడికెళ్ళు. నా గొంతు ఎక్కడికెళ్తాది?"

నేను అప్పుడు వాదించలేదు. వాదించడానికి ఏమీ లేదు. ఆమె పద్ధతిలో నాకు ఒక్క తప్పూ కనబడలేదు. ఆ పద్ధతి వల్లనే అరవై ఒక్క పాటలు మాకు దక్కాయి. ఈనాటికీ అందులో తప్పు చూపించలేను.

హట్ బే తాతగారు పాడారు. రంగత్‌లో ఇద్దరూ పాడారు, ఒకామె రెండో చరణం గుర్తురాక ఏడ్చింది. ఎనిమిదో నెలకు పదహారు పాటలూ రాసుకున్నాం. మిగిలింది అట్టడుగున ఉన్నది. ఆ పదహారో పాట రాసుకున్న రోజుకీ ఆమె చనిపోయిన రోజుకీ మధ్య ఇరవై మూడు రోజులు. ఆ రోజుల్లో మా ప్రయోగశాలలో తనిఖీ ఉంది. సరిచూడవలసిన పరికరాలు నలభై ఉన్నాయి. వర్షాలు కూడా ఉన్నాయి. ఇవి కారణాలు మాత్రమే. పదిహేడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు నేను వెళ్ళలేదు.

ఆమెను వాకిట్లో బల్ల మీద ఉంచారు. తీగ చుట్టే దుకాణదారు, చెప్పుల భయ్యా, చేపల వాళ్ళు, అందరూ ఉన్నారు. ఆరాధన తెలుగులో జరిగింది. పిల్లలు మా అమ్మ ఇచ్చిన కాగితాలు పట్టుకుని, హిందీ అక్షరాలు చూస్తూ, తెలుగులో మూడు పాటలు పాడారు. మూడూ మొదటి విడతలో వచ్చినవి. మా అమ్మ నోరు విప్పలేదు. తిరుగు దారిలో స్కూటరు వెనుక కూర్చుని, పెదవులు మూసుకుని, ఏదో రాగం తీస్తూ, మధ్యలో ఆగిపోతూ వచ్చింది. మళ్ళీ మొదటికి వెళ్ళి, మళ్ళీ అక్కడే ఆగేది. ఇంటికి చేరేవరకు అలాగే.

లెక్క ఇది. మార్చినవి: ఫ్యాను ఒకటి, పేస్టు పెసరగింజంత. కరిగిన ఐసు మూడు విడతల్లో ముప్పై ఆరు కిలోలు. పనికిరాకుండా పోయినవి డిస్కు ఒకటి, పెన్ డ్రైవు ఒకటి. ఆమె మా ఇంటికి వచ్చిన రోజులు అయిదు. ప్రతిసారీ తీసుకున్నది ఒక గ్లాసు టీ. పాటలు మొత్తం రెండు వందల పద్నాలుగు. డిస్కు నుంచి వచ్చినవి నూట తొంభై ఏడు. మనుషుల నోటి నుంచి తిరిగి రాసుకున్నవి పదహారు. వాటిలో రెండింటికి ఒక్కో చరణం లేదు. పోయినది ఒకటి. దాని రాగం మా అమ్మకు వచ్చు. మాటలు మొదటి నాలుగే గుర్తున్నాయి.